ఒక యూనిట్టు ఖరీదు

తెలుగులో ఒదగడానికి మొరాయించే ఆంగ్ల పదాలను గురించి ఈ శీర్షికలో అప్పుడప్పుడు ముచ్చటించుకుంటున్నాం. ఎండాకాలానికి తగినట్లు ఈ మాసం 'టన్ను' అనే మాటను తీసుకుందాం. ఏసీ కొనడానికి అంగడికి వెళ్లిన గృహస్థుకు మొదట ఎదురయ్యే ప్రశ్న, "ఒక టన్నా, ఒకటిన్నర టన్నా?" అని. ఇద్దరు కూలీలు ఆయాసపడకుండా మేడ ఎక్కించే యంత్రం ఒకటిన్నర టన్ను ఎలా అయిందని ఒక పెద్దమనిషి నన్ను అడిగారు. న్యాయమైన సందేహమే. ఆ టన్ను యంత్రానిది కాదు, మంచుగడ్డది.

యంత్రాలు రాక పూర్వం చల్లదనమంటే మంచుగడ్డే. 1833లో అమెరికాలోని బోస్టన్ రేవు నుండి మంచును నింపుకొన్న ఓడ ఒకటి కలకత్తా చేరింది. అటువంటి మంచును నిలవ చేయడానికి మదరాసు సముద్రతీరాన 1842లో కట్టిన 'ఐస్ హౌస్' నేటికీ నిలిచి ఉంది. 1897లో వివేకానందస్వామి కొద్ది దినాలు అక్కడ బస చేసినందువల్ల ఇప్పుడది ఆయన స్మారక మందిరం. ఒక టన్ను మంచు, అంటే రెండువేల పౌనులు, మన లెక్కలో సుమారు 907 కిలోలు, ఇరవైనాలుగు గంటలలో పూర్తిగా కరిగేటప్పుడు ఎంత వేడిని పీల్చుకుంటుందో, అంత వేడిని అదే వ్యవధిలో గదిలో నుండి తీసివేయగల యంత్రం ఒక టన్ను యంత్రం.

తీసివేయడం అన్నాను గాని, తోడివేయడం అంటే ఇంకా సరిపోతుంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. బావిలో నుండి నీళ్లు తోడినట్లు లోపలి వేడిని తోడి బయట పోస్తుంది. బావి ఎంత లోతైతే శ్రమ అంత. బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు లోపల 26 కావాలనడం ఒక లోతు, 18 కావాలనడం మరొక లోతు. మీట 18 మీద పెడితే గది త్వరగా చల్లబడుతుందని చాలామంది నమ్మకం. పాత పద్ధతి యంత్రం ఏ అంకె మీదనైనా ఒకే వేగంతో తోడుతుంది. అంకె తగ్గిస్తే ఆగవలసిన వేళకు ఆగదు, అంతే తేడా. ఇన్వర్టర్ రకం తన వేగాన్ని మార్చుకోగలదు గాని, లోతు పెరిగితే దానికీ ఖర్చు పెరగక తప్పదు. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ సుమారు ఆరు శాతం విద్యుత్తు మిగులుతుందని కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. 2020 జనవరి నుండి నక్షత్రాల ముద్రతో వచ్చే గది ఏసీలు, మనం మార్చనంత వరకు 24 డిగ్రీల మీదనే మొదలుకావాలన్న నియమం ఆ లెక్కను బట్టి వచ్చినదే.

ఆ నక్షత్రాల చీటీని జనం నక్షత్రాల కోసమే చూస్తారు. దాని మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఒక అంకె ఉంటుంది. అది 1600 గంటల వాడకానికి కట్టిన లెక్క. 1600తో భాగిస్తే గంట వాడకం తేలుతుంది. చీటీ మీద 800 ఉన్నదనుకుందాం. గంటకు అర యూనిట్టు. రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలకు 120 యూనిట్లు.

ఇప్పుడు బిల్లు సంగతి. హైదరాబాదు కుటుంబాన్ని ఉదాహరణగా తీసుకుంటాను. ఎందుకంటే 2022లో తెలంగాణలో నిర్ణయించిన గృహ విద్యుత్తు ధరల పట్టికలో ఒక చిత్రమైన మలుపు ఉంది. నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల లోపు ఉంటే మొదటి వందకు యూనిట్టు 3.40, రెండవ వందకు 4.80 రూపాయలు. 200 దాటితే ఆ చవక ధరలు వెనుకకు పోతాయి. మొదటి యూనిట్టు నుండి 200వ దాని వరకు అన్నీ 5.10 అవుతాయి, ఆపైన 300 వరకు 7.70. స్థిర రుసుములు, సుంకాలు పక్కన పెట్టి చూస్తే, 200 యూనిట్లకు 820 రూపాయలు. 201కి 1027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్టు ఖరీదు 207 రూపాయల 70 పైసలు! గృహజ్యోతి పథకంలో ఉన్న కుటుంబానికైతే ఈ గీత మరీ కఠినం: 2024 నుండి అమలులోకి వచ్చిన ఆ పథకంలో 200 దాటిన నెలలో మొత్తం బిల్లు చెల్లించవలసిందే.

మన ఉదాహరణ కుటుంబం చలికాలంలో 150 యూనిట్లు వాడి 580 రూపాయలు కట్టేది. ఏసీ 120 చేర్చగా 270 యూనిట్లు, చెల్లించవలసినది 1559. అంటే ఏసీ యూనిట్టు ఒక్కొక్కటి ఎనిమిది రూపాయలు దాటింది. బిల్లు మీద అచ్చయిన ధరలలో హెచ్చయినది 7.70 మాత్రమే కదా! అందుకే గృహిణులు "ఎంత వాడామని ఇంత బిల్లు?" అని ఆశ్చర్యపోవడంలో అమాయకత్వం ఏమీ లేదు.

ఇక తగ్గించడం ఎలా? 22 డిగ్రీల మీద పెట్టుకున్న వారు 26కి మారితే, ఆరు శాతం లెక్కన 29 యూనిట్లు తగ్గి 241 అవుతుంది. 223 రూపాయలు మిగులుతాయి. పంకా నెమ్మదిగా తిరుగుతుంటే 26 డిగ్రీలు హాయిగానే ఉంటుంది. ఆ పంకా సంగతీ చూడాలి. పాత రకం ఫ్యాను సుమారు 75 వాట్లు తింటుంది; కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ రకం 30 వాట్లతో అంత గాలీ ఇస్తుంది. రోజుకు పద్నాలుగు గంటలు తిరిగే రెండు ఫ్యాన్లను మార్చితే నెలకు 38 యూనిట్లు మిగులుతాయి. మొత్తం 203కు దిగింది. ఇంకా మూడు యూనిట్లు! టీవీ పెట్టె, దాని పక్కనుండే సెట్‌టాప్ బాక్సు రాత్రంతా పది వాట్లు తాగుతూ కూర్చుంటే, పది గంటలు గోడ దగ్గర స్విచ్చి ఆపితే నెలకు సరిగ్గా మూడు యూనిట్లు. బిల్లు 1043 నుండి 820కి పడుతుంది. ఇదీ 223 రూపాయలే. పడకగదిలో నాలుగు డిగ్రీల త్యాగానికి ఎంత ఫలితమో, ఆ చిన్న దీపం ఆర్పినందుకూ అంతే.

ఇంటిని ముందే కాపాడుకుంటే యంత్రం తోడవలసిన వేడే తగ్గుతుంది. కిటికీ లోపల తెర కట్టడం కన్నా బయట తడిక కట్టడం మేలు. అద్దం దాటి వచ్చిన ఎండ మళ్లీ బయటికి పోవడం కష్టం. పైకప్పుకు తెల్లసున్నం కొట్టడం మన పెద్దలకు తెలిసిన విద్యే. 2023లో తెలంగాణ ప్రభుత్వం 'కూల్ రూఫ్' విధానమని దానినే ప్రకటించింది. పొడి ఎండలున్న తెలంగాణ, రాయలసీమలలో నీటి కూలరు బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ వారికి అది ఉక్కపోతను పెంచుతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు పై గీత బెడద లేదు. అక్కడ 2022 నుండి అందరికీ ఒకే పట్టిక. శ్లాబు దాటితే దాటిన యూనిట్లకే హెచ్చు ధర. 225 దాటిన తరువాత మాత్రం యూనిట్టు ఆరు రూపాయల నుండి 8.75కి ఎగబాకుతుంది.

లెక్కలన్నీ చెప్పిన తరువాత ఒక భయం నన్ను పట్టుకున్నది. ఈ పేజీ చదివి ఏ తాతగారో మధ్యాహ్నం తన గదిలో ఏసీ ఆపేస్తారేమోనని. పింఛను మీద బ్రతికే వారిలో ఇటువంటి వారు ప్రతి వీధిలోనూ ఉంటారు. కొడుకు జేబు మీద భారం పడకూడదన్న అభిమానం వారిది. 2015 మే నెలలో వడగాలులకు మన రెండు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వృద్ధాప్యంలో దాహమూ, వేడీ కూడా ఆలస్యంగా తెలుస్తాయి. "నాకేమీ ఉక్కగా లేదు" అన్న పెద్దల మాటను యథాతథంగా తీసుకోరాదు. ఇంటిలోపలే 40 డిగ్రీలు దాటినప్పుడు పంకా మేలు చేయదు సరికదా, శరీరాన్ని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. వారి గదిలో ఏసీ నడిపే విషయంలో 200 గీతను చూడవద్దు, చూడవలసినది వేరొకటి. గది ఉష్ణోగ్రత చూపే చిన్న ఉష్ణమాపకాన్ని మంచం పక్కన, వారికి కాక మీకు కనబడేటట్లు తగిలించండి. మధ్యాహ్నం రెండింటికీ, నాలుగింటికీ ఒకమారు వెళ్లి చూసి, వెళ్లినప్పుడల్లా ఒక గ్లాసు మజ్జిగ తీసుకొని వెళ్లండి.