పవర్‌కు అర్థం రాయండి

హైదరాబాద్‌లో ఎవరితోనైనా ‘మాది చిట్యాల’ అంటే, ‘నల్లగొండ చిట్యాలనా?’ అని అడుగుతారు. విజయవాడ రోడ్డు మీది ఆ చిట్యాల వేరు, భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రమైన మన చిట్యాల వేరు. విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురునిలిచి పంట దక్కించుకున్న పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు కూడా చిట్యాలే. ఈ మూడింటి మధ్య మన పిల్లలెవరూ తికమకపడరు. ముందూ వెనకా వచ్చిన మాటలు విని ఏ చిట్యాలో ఇట్టే పోల్చుకుంటారు. అంత నేర్పున్న పిల్లలే ఇంగ్లిష్ మాట దగ్గరకొచ్చేసరికి ఎందుకు ఆగిపోతున్నారు? ఒక మాటకు ఒకే అర్థం చెప్పి, దాన్నే బట్టీ పట్టించి, అంతటితో పని అయిపోయిందని మనం అనుకుంటున్నాం గనుక.

ఏ బడిలోనైనా పిల్లల నోట్‌బుక్ తీసి చూడండి. పేజీ నడుమ స్కేలు పెట్టి గీసిన గీత ఉంటుంది. ఎడమపక్క ఇంగ్లిష్ మాట, కుడిపక్క తెలుగు మాట ఒక్కటంటే ఒక్కటే. టేబుల్ అంటే బల్ల. ప్లాంట్ అంటే మొక్క. పవర్ అంటే శక్తి. మర్నాడు అప్పజెప్పించుకుంటారు, తప్పు లేకుంటే టిక్కు పెడతారు. అదే వారం లెక్కల క్లాసులో పన్నెండో టేబుల్ చదవమంటారు, అంటే ఎక్కం. సైన్స్ పుస్తకంలో ‘కింది టేబుల్ పరిశీలించండి’ అని ఉంటుంది, అంటే పట్టిక. బల్ల ఒక్కటే నేర్చిన పిల్లకు ఈ రెండూ అందవు. తనకు ఇంగ్లిష్ రాదని ఆ పిల్ల తనలో తాను తీర్మానించుకుంటుంది. ఆ తీర్మానమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఇది ఇప్పుడే ఎందుకింత ముదిరిందో చెప్పాలి. తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం వచ్చింది, తర్వాత పై తరగతులకూ పాకింది. నేను దాన్ని వ్యతిరేకించేవాణ్ని కాదు. పట్నం పిల్లలకు దొరికే చదువు చిట్యాల పిల్లలకూ దొరకాల్సిందే. కానీ ఆ మార్పుతో పాటు పిల్లల నెత్తిన పడిన ఒక బరువును మనం లెక్కలోకి తీసుకోలేదు. తెలుగు మీడియంలో లెక్కల్లో ఘాతం, భౌతికశాస్త్రంలో సామర్థ్యం, సాంఘికశాస్త్రంలో అధికారం అని వేరువేరు మాటలుండేవి. దేని పేరు దానిదే గనుక ఒకదానికొకటి అడ్డం వచ్చేవి కావు. ఇప్పుడు ఆ మూడూ పవరే. ఇంతకాలం పాఠ్యపుస్తకమే విడదీసి ఇచ్చినదాన్ని ఇప్పుడు పదకొండేళ్ల పిల్ల తానే విడదీసుకోవాలి.

పవర్ సంగతి ఇంకొంచెం చూద్దాం. టూ పవర్ ఫైవ్ అంటే రెండును ఐదుసార్లు వేసి గుణించడం, జవాబు 32. కళ్లద్దాల పవర్ అంటే కటక సామర్థ్యం. ఇంట్లో ‘పవర్ పోయింది’ అంటే కరెంటు పోయిందని. ఇక నోట్‌బుక్‌లో రాయించే ‘శక్తి’ అన్న అర్థముందే, అది ఏకంగా పిల్లల్ని దారి తప్పిస్తుంది. మన సైన్స్ పుస్తకాల్లో శక్తి అంటే ఎనర్జీ. పవర్ అంటే ఆ శక్తి ఎంత వేగంగా ఖర్చవుతుందన్నది. వెయ్యి వాట్ల హీటర్‌ను గంటసేపు వాడితే ఒక యూనిట్ కాలుతుంది. ఇందులో వెయ్యి వాట్లు పవర్, ఆ యూనిట్ ఎనర్జీ. రెంటికీ శక్తే అర్థమని నేర్చిన పిల్లవాడు పదో తరగతి విద్యుత్తు పాఠంలో చిక్కుకుపోతే, ఆ తప్పు వాడిదెలా అవుతుంది?

యూనిట్ కూడా అలాంటి మాటే. మన జిల్లాలోని చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ 500 మెగావాట్లది, ఇంకోటి 600 మెగావాట్లది. అక్కడ యూనిట్ అంటే కరెంటు పుట్టించే మొత్తం యంత్రాంగం. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేదంటే అది మీటరు మీది లెక్క. ఇంగ్లిష్ వాచకంలో యూనిట్ అంటే పాఠాల గుంపు. లెక్కల్లో ఒకట్ల స్థానం. ఇక చెల్పూరులో ప్లాంట్ అంటే మొక్క అనుకునేవాళ్లెవరూ లేరు, నలుగురికీ నౌకరీ ఇచ్చే చోటది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. ఈ అర్థాలన్నీ మన పిల్లల చెవినపడుతున్నవే. భూపాలపల్లి కేటీకే బొగ్గు గనుల్లో పనిచేసేవాళ్ల ఇళ్లల్లో ఫేస్ అంటే మొహం ఒక్కటే కాదు, బొగ్గు తీసే చోటు కూడా. ఇంక్లైన్ అంటే ఏటవాలుగా భూమిలోకి దిగే గని. భౌతికశాస్త్రంలో ఇంక్లైన్డ్ ప్లేన్ వచ్చినప్పుడు సారు ‘మీ నాయిన దిగే ఇంక్లైన్ ఎట్లుంటది?’ అని అడిగితే చాలు, సగం పాఠం అయిపోయినట్టే. అక్కడి ప్లేన్ విమానం కాదని మాత్రం చెప్పాలి. 2014 ఫిబ్రవరిలో పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైనప్పుడు దాన్ని కరెంటు బిల్లు అనుకున్నవాళ్లు మన ఊళ్లో ఒక్కరూ లేరు. బడి మెట్లెక్కని ముసలమ్మలకు కూడా ఏ బిల్లు ఏదో తెలుసు. బడి ఆ తెలివిని గుమ్మం బయటే వదిలి రమ్మంటోంది.

అలాగని అన్ని అర్థాలూ ఒకేసారి కుమ్మరించమని కాదు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు పనిచేసినవాళ్లు రన్ అనే క్రియ ఒక్కదానికే ఆరు వందలకు పైగా అర్థాలు తేల్చారు. అవన్నీ ఎవరికీ అక్కర్లేదు. అప్పటి బెంగాల్‌లో, ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పనిచేసిన మైకేల్ వెస్ట్ మన పిల్లల్లాంటి వాళ్లనే దగ్గరుండి చూశాడు. 1953లో ఆయన అచ్చువేసిన జాబితాలో సుమారు రెండువేల ఇంగ్లిష్ మాటలున్నాయి. ఏ మాట ఎన్నిసార్లు వస్తుందో చెప్పి ఊరుకోలేదు, ఒక్కో మాటకు ఏ అర్థం ఎంత తరచుగా వస్తుందో శాతాలు కట్టి ఇచ్చాడు. తరచుగా వచ్చే అర్థం ముందు, మిగతావి అవసరాన్నిబట్టి తర్వాత. ఇది తెలిసి డెబ్బై ఏళ్లు దాటినా మన నోట్‌బుక్ మధ్య గీత చెరగలేదు.

దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. సర్కారు ఇచ్చే పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. లెక్కల పుస్తకంలో పవర్‌కు ఎదురుగా ఏ తెలుగు మాట ఉందో, సైన్స్ పుస్తకంలో ఏముందో పిల్లల చేతనే వెతికించవచ్చు. ఒక మాటకు నోట్‌బుక్‌లో ఒక పేజీ కేటాయించి, అది ఏ సబ్జెక్టులో ఎదురైతే ఆ వాక్యాన్ని అక్కడ రాయించవచ్చు. లెక్కల సారు ‘ఈ పవర్ కరెంటు పవర్ కాదు’ అని అర నిమిషం చెబితే పాఠమేమీ వెనకబడదు. ఇది ఇంగ్లిష్ టీచరు ఒక్కరి పని కాదు. గనిలో, ప్లాంట్‌లో చేసే తండ్రులు కూడా ఇంట్లో తమ పని మాటలు పిల్లలకు విడమరిచి చెప్పవచ్చు, ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గక్కర్లేదు.

పరీక్ష పేపర్లు తయారుచేసే సార్లకూ మేడమ్‌లకూ ఒక్క మనవి. ‘కింది మాటలకు అర్థాలు రాయండి’ అన్న ప్రశ్న తీసేయండి. దాని బదులు పవర్ అన్న మాట ఉన్న మూడు వాక్యాలిచ్చి, ఎక్కడ ఏమిటో చెప్పమనండి. వచ్చే యూనిట్ టెస్టు నుంచే మొదలుపెట్టండి.