ముసలి గుఱ్ఱమును గూర్చి రెండు మాటలు

"గుఱ్ఱము ముసలిదైనది, ఇక నింతే" యను మాటను మనము తఱచు వినుచుందుము. జట్కాలు చాలవఱకు అంతరించినను, పెండ్లి ఊరేగింపుల కొఱకు గుఱ్ఱములను పోషించి జీవించు కుటుంబములు నేటికిని గలవు. ఆ మాట నమ్మి వారు నష్టపడకుండుటకై దీనిని వ్రాయుచున్నాము.

వార్ధక్యము వేఱు, వ్యాధి వేఱు. పదునైదేండ్లు దాటిన గుఱ్ఱమునకు వేసవి వచ్చినను పొడుగు వెండ్రుకలు రాలకుండుట, వీపున కండ తఱుగుట, పొట్ట జాఱుట, నీరు మిక్కిలిగా త్రాగుట, పుండ్లు త్వరగా మానకుండుట కనబడినయెడల, దానిని వయోధర్మమని విడువరాదు.

మెదడు క్రింద పీయూషగ్రంథి యను చిన్న గ్రంథి గలదు. డోపమిన్ అను పదార్థము దానిని అదుపులో నుంచును. చెఱువు తూమునొద్ద నీరుగంటి యెట్టివాడో యిదియు నట్టిదే. వయస్సు మీఱిన కొన్ని గుఱ్ఱములలో డోపమిన్ నిచ్చు నాడీకణములు క్షీణించును. అంతట కావలి లేని తూమువలె ఆ గ్రంథి హార్మోనులను మితిమీఱి విడుచును.

ఇట్టి గుఱ్ఱములు పెక్కింటి రక్తములో ఇన్సులిన్ కూడ హెచ్చును. 2007లో ఆస్ట్రేలియా దేశమున ఆరోగ్యముగల పొట్టిజాతి గుఱ్ఱములకు ఇన్సులిన్ నెక్కించి చూడగా, మూడు దినములలోపల వాటి గిట్టలు చెడినవి. గిట్టలోని యెముకను పట్టియుంచు పొరలు సడలుటయే యీ రోగము. దీని బాధ దుర్భరము.

ఇచ్చట మా తప్పును ఒప్పుకొనవలెను. కొన్నియేండ్ల క్రిందట చిక్కిపోయిన యొక ముసలి గుఱ్ఱమును చూచి, బలమునకై బెల్లపునీళ్ళును జొన్నగుగ్గిళ్ళును పెట్టుమని మేమే చెప్పితిమి. నెల తిరుగకమునుపే అది ముందుకాళ్ళు మోపలేక వెనుకకు వ్రాలి నిలువసాగెను. దాని యజమాని మమ్ము నొక్కమాటయు ననలేదు. ఆ మౌనమును మేము నేటికిని మఱువలేదు.

కావున మా యభిప్రాయ మిది. ఇట్టి లక్షణములు గనబడగానే బెల్లము, ధాన్యము మానిపింపుడు. ఎండుగడ్డిని గంటసేపు నీట నానబెట్టి, ఆ నీరు పాఱబోసి మేపుడు. గడ్డిలోని చక్కెర కొంత తగ్గును. పండ్లను పరీక్ష చేయింపుడు. ఆఱు మొదలు ఎనిమిది వారముల కొకమాఱు గిట్టలు చెక్కింపుడు. పశువైద్యునిచే రక్తపరీక్ష చేయింపుడు. పెర్గొలైడ్ అను ఔషధము డోపమిన్ చేయవలసిన పనిని చేయును. అది రోగమును నిర్మూలింపదు గాని అదుపు చేయును. వైద్యుని యాజ్ఞ ననుసరించి జీవితాంతము వాడవలెను.

ఖర్చు ఒక్కనికి భారమని మే మెఱుగుదుము. గుఱ్ఱములున్న సభ్యులు నలుగురు కలిసి వైద్యుని ఒకే దినమున పిలిపించుకొనిన భారము తగ్గును. సహకార మనగా నిదియే గదా! ఇరువదియేండ్లు మన కుటుంబమునకు కూడు పెట్టిన జీవమునకు ఈపాటి శ్రద్ధ చూపుట దయ కాదు, ఋణము తీర్చుట.