ఖాళీ అత్తరు సీసా

మా పాఠశాల విజ్ఞానశాల వసారాలో నొక కొయ్యపెట్టె కలదు. నిరుడు విద్యార్థులు తమ యిండ్లనుండి తెచ్చి యందుంచిన చిన్న గాజుసీసాలు నలుబదికి పైగా నున్నవి. కొన్ని యత్తరువి, కొన్ని జవ్వాదివి, కొన్ని చందనతైలమువి. బొటనవ్రేలి పొడవును మించినది వానిలో నొక్కటియు లేదు. వేసవి సెలవులకు ముందు వీనిని పాతసామానులు కొనువానికి చూపితిమి. అతడు పాతకాగితములను తూచుకొనెను, ఇనుపముక్కలను తూచుకొనెను, ఈ పెట్టెను మాత్రము కాలితో నొకప్రక్కకు జరిపి, "ఇవి తూకానికి రావు సారూ" అనెను. అతనిపై మాకు కోపము లేదు. త్రాసు చెప్పిన మాటనే యతడు చెప్పెను. అయినను ఆ మాట మమ్ము చాలదినములు విడువలేదు.

మన సీమలో పరిమళద్రవ్యముల వాడుక నిన్న మొన్నటిది కాదు. తిరుమలలో శుక్రవారాభిషేకమునకు పిమ్మట మూలవిరాట్టునకు పునుగుతైలము పూయుట చిరకాలాచారము. రంజాను పండుగనాడు అత్తరు పూసికొననివారు అరుదు. చిన్నపెట్టె చేతబట్టి వీధివీధి తిరిగి, దూదిని అత్తరులో నద్ది యిచ్చు అత్తరు సాయెబును మన పెద్దలెఱుగుదురు. అత్తరును తులముల లెక్కను అమ్ముట పూర్వపు టలవాటు, తులమనగా 11.66 గ్రాములు. నేడు అంగళ్ళలో కనబడు 12, 6, 3 మిల్లీలీటర్ల సీసాలు ఇంచుమించు ఆ తులము, అరతులము, పావుతులముల కొలతలే. పావుతులపు సీసాలోని ద్రవ్యము కొన్ని వారములలో నయిపోవును. సీసాకు మాత్రము చావు లేదు.

ఇసుకను, సోడాను, సున్నపురాతిని కలిపి సుమారు 1500 డిగ్రీల వేడిమిని కరగించినగాని గాజు పుట్టదు. ఆ కొలిమిలో పగిలిన గాజును గూడ చేర్చినచో మిశ్రమము తక్కువ వేడికే కరగును. నూటికి పదిపాళ్ళు పాతగాజు కలిపిన యెడల నూటికి రెండున్నర మొదలు మూడుపాళ్ళ వఱకు ఇంధనము మిగులును. ఎన్నిమార్లు కరగించినను గాజు తన గుణమును గోల్పోదు. ఇది విని విద్యార్థులు, "అట్లయిన మన సీసాలను గూడ కొలిమికి పంపుద" మనిరి. వినుటకు బాగుగనే యున్నది. కాని పావుతులపు సీసా కొలిమిదాక పోవుటెట్లు? దానికి తగరపు మూత యొకటి, మెడలో ప్లాస్టిక్కు బిళ్ళ యొకటి, దానినడుమ గుండు మఱియొకటి, లోపల జిడ్డు. వీనినన్నిటిని ఊడదీయుటకు పట్టు కాలమునకు కూలి యెవరిత్తురు? కాబట్టి అది చెత్తలో కలియును; బండిలో పడి పగులును. తిరుపతి చెత్త తూకివాకము చేరునప్పటికి దానిని ఎన్నిచేతులు త్రోసియుండునో, ఆ చేతులకు తొడుగులుండునో లేదో, అత్తరు పూసికొన్నవారు తలపోయరు. మా వీధి నూడ్చు నామె యరచేతిలో నాటిన గాజుపెంకును మేము మా కన్నులతో చూచితిమి. ఆ పెంకుకు అప్పటికిని మల్లెవాసన వీడలేదు.

గోలీసోడా సంగతి యోచింపుడు. ఆ సీసాను హిరాము కాడ్డను నాంగ్లేయుడు 1872లో కల్పించెను. మన రాయలసీమ యెండలలో దాని నెఱుగని బాలుడు లేడు. సోడా త్రాగినవాడు సీసాను ఇంటికి గొనిపోవునా? బండికడనే నిలిచి త్రాగి, సీసా మరల నిచ్చిగాని కదలడు. సోడా మాత్రమే మనది, సీసా బండివానిది. తిరుమలపై ప్లాస్టిక్కు సీసాలను నిషేధించిన పిమ్మట మంచినీరు గాజుసీసాలలో వచ్చెను. సీసా మరల నిచ్చినవారికి దానికై పుచ్చుకొన్న సొమ్ము తిరిగి యిచ్చు ఏర్పాటును జరిగెను. అత్తరు సీసాకు మాత్ర మీ మర్యాద యేల లేదు?

ఒక యంగడివాని నడిగితిమి. క్రొత్తసీసా వెలకంటె పాతసీసా కడుగుకూలి యెక్కువయని యతడు నిక్కముగా చెప్పెను. మఱియు, వాడిన సీసాలో పోసిన అత్తరును కొనువారు శంకింతురనెను. రెండును త్రోసివేయదగిన మాటలు కావు. కాని మా తలంపు వేఱు. సీసాను అంగడివాడు కడుగవలసిన పనియే లేదు. ఎవరి సీసాను వారే తీసికొనిపోయి, ఏ యత్తరు అందుండెనో ఆ యత్తరునే మరల పోయించుకొన్నచో, కడుగుట యెందులకు? శంక యెందులకు? గానుగకడకు మన యవ్వలు గిన్నె పట్టుకొని పోలేదా? అంగడివారు సీసావెలను తగ్గించి పోసిన చాలును. తల్లిదండ్రులలో అత్తరు వాడువా రీమాటను అంగడిలో నొక్కమా రడిగి చూడవలెనని మా కోరిక. పదిమంది యడిగినచో బేరము దానంతట నదియే మారును.

ఇక మా పెట్టెలోని నలుబది సీసాల మాట. ముందుగా మూతలను, గుండ్లను వేఱుపఱచితిమి. గాజు వాసనను పీల్చదు. వాసన పట్టి విడువనిది మూతయే. గోరువెచ్చని నీటిలో చాకలిసోడా కలిపి రాత్రియంతయు నాననిచ్చి, లోపల చిటికెడు బియ్యపుగింజలు వేసి యాడించి కడిగి, బోర్లించి యెండబెట్టితిమి. చల్లని గాజుపై మరుగునీరు పోసి తొలినాడే మూడు సీసాలు పగులగొట్టుకొంటిమని యిచ్చట నొప్పుకొనక తప్పదు. మిగిలినవానిలో కొన్నిట పసుపునీరు, మందారరసము నింపితిమి. ఆమ్లక్షారముల పరీక్షకు అవి చాలును. కొన్నిట స్వర్ణముఖి యిసుకయు, మన మెట్టచేల యెఱ్ఱమన్నును నున్నవి. విత్తనములకు మఱికొన్ని.

మందుగాని, తినువస్తువుగాని వీనిలో పోయరాదు. చీటి యంటింపని సీసా యేదియు నుంచరాదు. కొందఱు బాలురు వీనితో కిరసనాయిలు బుడ్డిదీపములు చేయబోగా మేము మాన్పించితిమి. పొడవై తేలికయైన సీసా తట్టినంతనే యొరుగును, నిప్పంటుకొనును. సింహళములో విజయ గోడకుంబుర యను శస్త్రవైద్యు డిట్టి దీపములవలన కాలినవారిని చూచి, పొట్టిగా, బరువుగా, ప్రక్కలు చదునుగా నుండు దీపమును కల్పించి 1998లో రోలెక్సు బహుమానమును పొందెను. మన సీసా కా గుణములలో నొక్కటియు లేదు.

పెట్టె యిప్పుడు ఖాళీగా నున్నది. వసారాలోనే యుంచితిమి. సీసాలు తెచ్చువారు మూతలను వేఱుగా, పగిలినవానిని కాగితమున చుట్టి పైన "గాజు" అని వ్రాసి తేవలెను.