పచ్చికకు నీరెక్కడిది?

వేసవి సెలవులు సమీపించేసరికి రాజధానిలో గోల్ఫ్ ఆడే అధికారులు, ప్రజాప్రతినిధులు, వ్యాపారుల చూపు సముద్రతీరం వైపు మళ్లుతుంది. గోవాలో ఏ మైదానం మంచిది, శ్రీలంకలో ఏది మేలు అన్న చర్చ ఢిల్లీ విందులలో నా చెవిన పడుతూనే ఉంటుంది. గది అద్దె ఎంత, ఆడుతుంటే సముద్రం కనిపిస్తుందా అన్నవే అందులో ప్రశ్నలు. అడగవలసినవి వేరే ఉన్నాయి: ఆ పచ్చికకు నీరెక్కడిది? ఆ నేల ఎవరిది?

ఆటను ద్వేషించవలసిన పని లేదు. గోల్ఫ్ పెరిగిందే సముద్రపుటొడ్డున. స్కాట్లాండ్‌లో సేద్యానికి పనికిరాని ఇసుకదిబ్బల మీద, వాననీటితో మొలిచిన గడ్డిలో అది ఎదిగింది. సెయింట్ ఆండ్రూస్‌లోని పాత మైదానం నేటికీ ప్రజల ఆస్తి. 1974 నాటి చట్టం కింద ఏర్పడిన ట్రస్టు దానిని నిర్వహిస్తోంది. సాధారణంగా ఆదివారం అక్కడ ఆట ఉండదు. ఊరివారు షికారు చేస్తారు. మనం ఆటను దిగుమతి చేసుకున్నాము గాని, ఆ మర్యాదను చేసుకోలేదు.

మన పశ్చిమతీరానికి వాన నాలుగు నెలల అతిథి. మిగతా కాలమంతా పచ్చికను తడుపుతూ ఉండాలి. వేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్ల తేమ ఆవిరైపోతుందనుకుంటే, దానిని భర్తీ చేయడానికి హెక్టారుకు 50 వేల లీటర్లు, 20 హెక్టార్ల పచ్చికకు 10 లక్షల లీటర్లు కావాలి. 2019లో కేంద్రం ప్రారంభించిన జల్ జీవన్ మిషన్ గ్రామీణునికి నిర్ణయించిన వాటా రోజుకు 55 లీటర్లు. అంటే ఒక్క మైదానం తాగేది 18 వేల మంది వాటా! ఈ నీటిని తీరంలో బోర్లు వేసి తోడితే నష్టం అంతటితో ఆగదు. తీపినీరు తరిగినచోటికి ఉప్పునీరు చొరబడుతుంది; పల్లెకారుల బావులు చెడిపోతాయి.

ఈ ముప్పు ఢిల్లీకి తెలియనిది కాదు. 1991 ఫిబ్రవరి 19 నాటి తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వు పోటురేఖకు 200 మీటర్ల లోపల భూగర్భజలం తోడడాన్ని నిషేధించింది. 2019 నాటి ఉత్తర్వు, స్థానికుల అవసరాలకు మినహాయింపునిస్తూ ఆ నిషేధాన్ని నిలిపింది. కాని అదే ఉత్తర్వు, జనసాంద్రత హెచ్చుగా ఉన్న తీరగ్రామాలలో నిర్మాణాలు కూడని హద్దును 200 నుంచి 50 మీటర్లకు కుదించింది. ఒక చేత్తో ఇచ్చిన రక్షణను మరో చేత్తో పలుచన చేయడం ఇదే.

నేల మాటకొస్తే, గోవా ఉత్తరపు కొసన తెరేఖోల్ గ్రామముంది. అక్కడ గోల్ఫ్ మైదానంతో కూడిన విహారకేంద్రాన్ని తలపెట్టినప్పుడు, ఆ భూమినే నమ్ముకున్న కౌలుదారులు 2010ల దశకంలో ఆందోళనకు దిగారు, న్యాయస్థానాలను ఆశ్రయించారు. విహారానికి వచ్చేవారికి అది ఒక వారం ముచ్చట, వారికి బ్రతుకు.

నీటి విషయంలో శ్రీలంక మంచి పాఠం చెబుతుంది. కొలంబో గోల్ఫ్ క్లబ్బు 1879లో ఏర్పడింది. దాని నేటి మైదానం గుండా రైలుమార్గం సాగిపోతుంది. ఆ నగరంలో ఏటా సుమారు 2,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. 2016లో విహారకేంద్రంతో పాటు మరో మైదానం వెలసిన హంబన్‌తోట మెట్టప్రాంతం. వాన అందులో సగం కూడా ఉండదు. ఆడేవాడి కంటికి రెండూ ఒకే పచ్చన. ఆ పచ్చదనం వెనుక ఖర్చు మాత్రం ఒకటి కాదు.

విశాఖలోనూ పాతకాలపు మైదానముంది గనుక ఇది మనకు దూరపు సమస్య అనుకోరాదు. దీనికి ఉపాయాలూ లేకపోలేదు: శుద్ధి చేసిన మురుగునీటిని వాడవచ్చు, ఉప్పును ఓర్చుకునే పాస్పాలం జాతి గడ్డిని పెంచవచ్చు. అయితే అడిగేవారు లేనిదే ఏ యజమానీ ఆ ఖర్చు పెట్టడు. అందుచేత బేరమాడేముందు ఈ రెండు ప్రశ్నలూ వేసి, జవాబు తడబడితే మరో తీరానికి పోవడం మంచిది. చట్టాలు సడలుతున్నప్పుడు నోరు మెదపని మన పెద్దలు సైతం ఈపాటి పని చేయగలరు.