మా బీరువాలోంచి వెళ్ళిన కాగితం

లూథరన్ సంఘంలోనే పుట్టి, అక్కడే బాప్తిస్మం పొంది, ముప్పయ్యేళ్ళుగా సండే స్కూలు చెబుతున్నదాన్ని. ఏటా అక్టోబరు 31న సంస్కరణ పండుగ చేస్తాం. లూథర్ గారి 95 సిద్ధాంతాల కథ పిల్లలకు చెప్పేది నేనే. యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టమనీ, ఇళ్ళు కూల్చమనీ 1543లో ఆయనే పుస్తకం రాశారన్న సంగతి ఒక్క ఏడు కూడా చెప్పలేదు. తెలియక కాదు, పండుగ పూట ఎందుకులే అని.

1933 ఏప్రిల్‌లో హిట్లర్ ప్రభుత్వం యూదులను సర్కారు ఉద్యోగాల్లోంచి తీసేసే చట్టం తెచ్చింది. తాతల్లో, అవ్వల్లో ఒక్కరు యూదులైనా చాలు, ఉద్యోగం ఊడినట్టే. ఆ సంగతి మనుషుల ముఖాల మీద రాసి ఉండదు కదా. రాసి ఉన్నది మా దగ్గర, గుడి బీరువాలోని బాప్తిస్మపు రిజిస్టర్లలో. తాతకు బాప్తిస్మం పసితనంలో అయిందా, పెద్దయ్యాకా? అతని తండ్రి పేరేమిటి? పాస్టర్లు, గుమాస్తాలు పేజీలు తిప్పి, నకలు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఒక బిడ్డను దేవుని ఇంట చేర్చుకున్న రోజున రాసుకున్న ఆ వరుసే, బిడ్డ మనవణ్ణి దేశం దాటించే సాక్ష్యమైంది.

వాళ్ళు జర్మన్లు, మేం గుంటూరు వాళ్ళం అనొచ్చు. 1842లో మా ఊరొచ్చి మాకు సువార్త చెప్పిన ఫాదర్ హయ్యర్ పుట్టింది జర్మనీలోనే. ఆ వరాన్ని మాదనుకున్నప్పుడు ఈ అప్పు కూడా మాదే.

మా ప్రసంగాల్లో బాన్‌హోఫర్ పేరు తరచుగా వినిపిస్తుంది. హిట్లర్‌ను ఎదిరించి 1945లో ఉరికంబమెక్కిన పాస్టరు. ఆయన కవల చెల్లెలు సబీనె భర్త గెర్హార్డ్ లైబ్‌హోల్ట్స్ యూదుల ఇంట పుట్టి బాప్తిస్మం పొందినవాడు. ఆయన తండ్రి బాప్తిస్మం లేకుండానే 1933 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. అంత్యక్రియల్లో నాలుగు మాటలు చెప్పమని బాన్‌హోఫర్‌ను అడిగారు. ఆయన పై అధికారిని అడిగి, రానన్నాడు. ఏడు నెలలయ్యాక లండన్ నుంచి బావగారికి క్షమాపణ ఉత్తరం రాశాడు. మాలో అందరికన్నా గుండె ఉన్నవాడికే అడుగు తడబడింది. 1938 సెప్టెంబరులో చెల్లెలు, బావ, ఇద్దరు ఆడపిల్లలు గోటింగెన్‌లో ఇల్లు వదిలి స్విట్జర్లాండ్ మీదుగా ఇంగ్లండ్ చేరారు. మరుసటి నెలలోనే యూదుల పాస్‌పోర్టుల మీద ‘జె’ ముద్ర మొదలైంది.

అందరికీ దారి దొరకలేదు. కీర్తనలు రాసిన యోఖెన్ క్లెప్పర్ 1931లో ఒక యూదు వితంతువును పెళ్ళాడాడు. ఆమెకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దమ్మాయి 1939లో ఇంగ్లండ్ వెళ్ళిపోగలిగింది. చిన్నమ్మాయి రెనాటె మిగిలిపోయింది. 1942 డిసెంబరులో రెనాటెను రానిస్తామని స్వీడన్ ఒప్పుకుంది. బెర్లిన్‌లో యూదుల తరలింపులు చూసే నాజీ అధికారి ఐఖ్‌మన్ కాదన్నాడు. ఆ రాత్రే ముగ్గురూ కలిసి ప్రాణాలు తీసుకున్నారు. క్లెప్పర్ పాటలు జర్మన్ కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి.

అంతకు ఏడాది ముందు, 1941 డిసెంబరులో, బాప్తిస్మం జాతిని మార్చదని, యూదు క్రైస్తవులకు తమలో చోటు లేదని ఏడు ప్రాంతీయ సంఘాలు ప్రకటించాయి. అంటే ఒకే ఇంట్లో తండ్రికి ప్రభు భోజనం ఉంది, తల్లికి లేదు. ఏ పోలీసూ రాయని మాట అది, మా వాళ్ళే రాసి ఇచ్చారు.

బెర్లిన్‌లో హైన్రిఖ్ గ్రూబర్ అనే పాస్టరు ఇలాంటి కుటుంబాల వీసాల కోసం ఆఫీసు తెరిచి, 1940 డిసెంబరులో అరెస్టయి నిర్బంధ శిబిరాల పాలయ్యాడు. ఆయన పేరు అడ్డుపెట్టుకుని బయటపడాలని మాకు ఆశ. కానీ యుద్ధం ముగిశాక 1945 అక్టోబరులో స్టుట్‌గార్ట్‌లో జర్మన్ సంఘ పెద్దలు తప్పు ఒప్పుకుంటూ రాసిన పత్రంలో ‘యూదులు’ అన్న మాటే లేదు. జర్మన్ సంఘ మహాసభ నోట ఆ మాట రావడానికి 1950 దాకా పట్టింది. లూథర్ యూదు ద్వేషపు రాతలు మావి కావని ప్రపంచ లూథరన్ సమాఖ్య 1984లో బుడాపెస్ట్‌లో చెప్పింది. మేం ఆ సమాఖ్య సభ్యులం. ఆ తీర్మానం మా గుడిలో ఎవరైనా చదవగా నేను వినలేదు. చదవండని అడగనూ లేదు.

నిన్న గుడ్ ఫ్రైడే నాటిక నోటుబుక్కు తీశాను. పదిహేనేళ్ళుగా పిల్లలు వేస్తున్న నాటిక, నా చేతిరాతే. అరిచే గుంపులోని పాత్రలకు ‘యూదుడు 1’, ‘యూదుడు 2’, ‘యూదుడు 3’ అని పేర్లు పెట్టాను. మరియమ్మ పక్కన, పేతురు పక్కన, యేసు పక్కన ఆ మాట రాయలేదు.