స్పోర్ట్ మోడ్‌లో స్టీరింగ్ బరువెక్కుతుంది సరే.. ఫీల్ వస్తుందా?

పర్ఫార్మెన్స్ కార్ల రివ్యూ ఏది చూసినా హార్స్‌పవర్ ఎంత, 0-100 ఎన్ని సెకన్లు, స్క్రీన్ ఎన్ని అంగుళాలు.. ఇవే లెక్కలు. స్టీరింగ్ దగ్గరికి వచ్చేసరికి ‘స్పోర్ట్ మోడ్‌లో మంచి వెయిట్ ఉంది’ అని ఒక్క ముక్కతో ముగించేస్తారు. కానీ బరువు వేరు, ఫీల్ వేరు.

ఈ తేడా తెలిసేది టైర్ల పట్టు చివరి అంచున. అది కూడా ట్రాక్ మీద, ఓఆర్‌ఆర్ మీద కాదు! మలుపులో ముందు టైరు కాస్త మెలితిరుగుతుంది. నేలను తాకే చోట వెనుక వైపు ఎక్కువ బలం పుట్టడంతో చక్రం తనంతట తానే తిన్నగా అయిపోవాలని చూస్తుంది. మన చేతికి తెలిసే బరువులో ఇదో ముఖ్యమైన భాగం. పట్టు పూర్తిగా పోకముందే ఆ వెనుక భాగం జారడం మొదలవుతుంది, స్టీరింగ్ కొంచెం తేలికవుతుంది. అంటే కారు అదుపు తప్పకముందే చేతికి వార్నింగ్ వచ్చేసినట్టే.

పాత హైడ్రాలిక్ స్టీరింగ్‌లో ఇంజిన్‌తో తిరిగే పంపు, ఆయిల్ ప్రెషర్ మనకు సాయం చేసేవి. ఇప్పటి ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లో మనం ఎంత బలంగా తిప్పుతున్నామో సెన్సర్ కొలుస్తుంది, ఎంత సాయం కావాలో సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది, మోటర్ తిప్పుతుంది. రోడ్డు కుదుపుల్ని ఫిల్టర్ చేసేదీ ఆ సాఫ్ట్‌వేరే. ఆ ఫిల్టర్‌లో వార్నింగ్ కూడా కొట్టుకుపోతే? స్పోర్ట్ మోడ్ చాలా కార్లలో సాయాన్ని తగ్గిస్తుందంతే, పోయిన సమాచారాన్ని వెనక్కి తేదు. రోజూ కోడ్ రాసే నాకైతే ఇది ఎర్రర్ లాగ్స్ ఆపేసి ఫాంట్ సైజ్ పెంచినట్టు ఉంటుంది.

అలాగని మోటర్‌ని తిట్టి లాభం లేదు. దానివల్ల ఇంధనం ఆదా అవుతుంది, లేన్ అసిస్ట్ లాంటివి తేలికవుతాయి. 2011లో వచ్చిన 991 తరం పోర్షే 911 హైడ్రాలిక్‌ని వదిలేసినప్పుడు అభిమానులు గొడవ చేశారు. ఆ తర్వాత జీటీ3 మోడళ్లు ఎలక్ట్రిక్ స్టీరింగ్‌తోనే మంచి పేరు తెచ్చుకున్నాయి. మరోవైపు మెక్‌లారెన్ ఆర్టురా హైబ్రిడ్ అయినా హైడ్రాలిక్ సాయాన్ని వదల్లేదు, లోటస్ ఎమీరా కూడా అంతే. దారులు వేరైనా ఫీల్ కోసం కష్టపడ్డవాళ్లకే అది దక్కింది.

ఇది ముందు ముందు ఇంకా ముఖ్యం అవుతుంది. టెస్లా సైబర్‌ట్రక్‌లో స్టీరింగ్‌కీ చక్రాలకీ మధ్య ఉన్నవి వైర్లే. పర్ఫార్మెన్స్ కార్లూ ఆ దారి పడితే చేతికి అందే ప్రతి కబురూ ఎవరో రాసిన కోడే అవుతుంది.

అందుకే రివ్యూవర్లను మనం అడగాల్సింది ఒక్కటే: ముందు టైర్లు జారబోతున్నాయని ఈ స్టీరింగ్ ముందే చెప్పిందా, లేక జారాక మీ కళ్లకు తెలిసిందా? జవాబు రెండోదైతే, ఎన్ని మోడ్‌లు ఇచ్చినా ఆ స్టీరింగ్‌కి నేను మంచి మార్కులు వేయను.