తప్పును వెదకుటయు విద్యయే

కంప్యూటరు ప్రయోగశాలలో పరీక్ష దగ్గర పడగానే మనలో చాలామంది చేసే పని ఒకటున్నది. సంఖ్యలను వరుసలో పేర్చే ప్రోగ్రామును అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయడం. మార్కులు వస్తున్నవి. విద్య వస్తున్నదా అన్నదే మా సందేహం.

మా అనుభవాన్నే నిదర్శనంగా చెబుతాము. 42, 17, 33, 8, 25 అనే సంఖ్యలను ఆరోహణ క్రమంలో పేర్చవలసి ఉన్నది. పక్కపక్కన ఉన్న రెంటిని పోల్చి, పెద్దది ముందున్న యెడల స్థానాలు మార్చడమే బబుల్ సార్ట్ పద్ధతి. ఆ మార్పిడికి వేరుగా ఒక ఫంక్షను వ్రాసి, సంఖ్యలను దానికి అందించినాము. ప్రోగ్రాము నడిచింది, వరుస మారలేదు. 1972 ప్రాంతంలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో ఫంక్షనుకు చేరేది విలువ యొక్క నకలు మాత్రమే. నకలును దిద్దుకున్నంత మాత్రాన కచేరీలోని అసలు అడంగలు మారునా?

అసలును మార్చాలంటే అది ఉన్న చోటు తెలియాలి. ఆ చోటును చెప్పేదే పాయింటరు. తెలుగులో చిరునామా, ఉర్దూలో పతా. ఈసారి చిరునామాలనే పంపినాము. అయినా వరుస మారలేదు. ఫంక్షను లోపల మేము తారుమారు చేసినది చిరునామాలనే గాని, అక్కడ ఉన్న సంఖ్యలను కాదు. విజయవాడ వన్‌టౌన్‌లోని రెండిళ్ల చిరునామాలను కాగితంపై అటూ ఇటూ మార్చి వ్రాస్తే ఇళ్లలోని వారు మారరు గదా!

అదీ దిద్దిన తరువాత మూడవ తప్పు మిగిలింది. ఐదు సంఖ్యలకు మొదటి విడతలో నాలుగు పోలికలే ఉండాలి. మేము ఐదు పెట్టినాము. ఐదవ పోలిక మనది కాని ఆరవ చోటును తాకుతుంది. గట్టు దాటి పక్కవారి చేలో అడుగు పెట్టినా సి భాష వారించదు. ఒకనాడు జవాబు సరిగానే వచ్చింది. మరునాడు 42 మాయమై, ఎక్కడిదో ఒక 0 వచ్చి చేరింది. చివరకు యంత్రాన్ని ఆపి, కాగితంపై గడులు గీసి, ప్రతి మెట్టులో ఏ చోట ఏ సంఖ్య ఉన్నదో వ్రాసుకున్నప్పుడే తప్పు దొరికింది.

ఇది మాబోటి వారికే పరిమితం కాదు. జావా భాషతో పాటు ఇచ్చే బైనరీ సెర్చ్ ప్రోగ్రాములో సుమారు తొమ్మిదేండ్లు దాగిన తప్పును, దానిని వ్రాసిన జాషువా బ్లాక్ 2006లో స్వయంగా ప్రకటించినాడు. తప్పును దాచనివాడే పండితుడు.

కంఠస్థం చేసినవారికి ఈ తప్పులలో ఒక్కటీ ఎదురుకాదు. అందుకే పాయింటరూ అర్థం కాదు. తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుంచి వచ్చిన మనవారు ఇంగ్లీషు పుస్తకానికి జంకి కంఠస్థాన్ని ఆశ్రయిస్తున్నారు. అది వారి తెలివి లోపం కాదు, పరీక్ష లోపం. పైగా నేడు అడిగిన మరుక్షణం ప్రోగ్రామును వ్రాసి ఇచ్చే యంత్రాలే వచ్చినవి. ఇక వ్రాసినదానిలో తప్పు పట్టగల విద్యకే విలువ.

పాఠాలు పూర్తి చేయడానికే సమయం చాలదని అధ్యాపకులు అనవచ్చు. నిజమే. విశ్వవిద్యాలయ పరీక్ష మన చేతిలో లేదు. అంతర్గత పరీక్ష ఉన్నది. అందులో తప్పున్న ప్రోగ్రామును ఇచ్చి, తప్పు ఎక్కడున్నదో, ఎందుకు వచ్చినదో తెలుగులో గాని ఉర్దూలో గాని వ్రాయమని, దానికి సగం మార్కులు కేటాయించవలెనని కళాశాల సంఘం వారికి మా మనవి.

సోదర విద్యార్థులారా, తప్పుల కొరకు ఒక నోటుపుస్తకం నేడే ప్రారంభించండి. మా పుస్తకంలో మూడు తప్పులు ఇప్పటికే చేరినవి.